బడిపిల్లలకు వర్చువల్ కార్యానుభవం

ఖాజాగూడ గుట్టలను ఎరుగని హైదరాబాదువారు అరుదు. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు, వాటి నడుమ బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, దిగువన పెద్దచెరువు - ఇది పాత ఖాజాగూడ. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన పిదప రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా విస్తరించిన అద్దాల మేడల వరుస కొత్త ఖాజాగూడకు సరిహద్దు అయినది. గుట్ట మీద నిలిచి చూచినచో ఈ రెండూ ఒక్క చూపులోనే కనబడతాయి.

ఆ మేడల నీడన నడచి బడికి పోయే తొమ్మిదవ తరగతి విద్యార్థిని, "ఆ లోపల ఏమి పని జరుగుతుంది?" అని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం ఒక్కటే: "కంప్యూటర్ పని." అంతకు మించి చెప్పగల పిల్లలు తక్కువ. ఆ విద్యార్థి తండ్రి క్యాబ్ నడిపేవాడైతే గేటు దాకా పోతాడు. తల్లి అక్కడ శుభ్రత పని చేసేదైతే ప్రతి అంతస్తులోనూ తిరుగుతుంది. అన్న కాపలా ఉద్యోగి అయితే గేటు తీసేవాడు అతడే. ఇంటిల్లిపాదీ ఆ భవనాలతోనే బ్రతుకుతున్నా, అక్కడి బల్లల ముందు కూర్చున్నవారు ఉదయం నుండి సాయంత్రం వరకు ఏమి చేస్తున్నారో ఆ ఇంట ఎవరికీ తెలియదు. పదవ తరగతి గట్టెక్కిన వెంటనే ఎం.పి.సి.యా, సి.ఇ.సి.యా, పాలిటెక్నిక్కా, ఐ.టి.ఐ.యా అని నిర్ణయించుకోవలసిన నాడు ఆ బాలునికి గాని, బాలికకు గాని ఆధారం మేనమామ కొడుకు చెప్పిన మాట, లేదా గోడ మీద అంటించిన కాలేజీ ప్రకటన. ఈ లోపాన్ని తీర్చడానికి ఇటీవలి కాలంలో ఏర్పడిన ఒక పద్ధతిని మన విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు వివరించడం మా ఉద్దేశం. దానిని వర్చువల్ కార్యానుభవం అంటున్నారు. విద్యార్థి కార్యాలయానికి పోకుండా, ఇంటర్నెట్ ద్వారా అక్కడి ఉద్యోగి పర్యవేక్షణలో కొన్ని దినాలు నిజమైన పని వంటి పనిని చేయడమే ఇది.

కార్యానుభవం అన్న భావన మన దేశానికి కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా సాగే విద్యను ప్రతిపాదించినప్పుడు, దానికి పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్. తరువాత మన రాష్ట్రపతి అయిన ఆ విద్యావేత్త ఆనాటి నివేదికలోనే ఒక హెచ్చరిక ఉన్నది: పని వల్ల వచ్చే ఆదాయం మీదనే దృష్టి నిలిపితే, ఉపాధ్యాయులు పిల్లల చేత వీలైనంత చాకిరీ చేయించి చదువును మరచిపోయే ప్రమాదం గలదని. ఈ మాట మనకు ముందు ముందు పనికివస్తుంది. 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ కమిషన్, పాఠశాలలోనో, ఇంటిలోనో, పొలంలోనో, కర్మాగారంలోనో ఉత్పాదకమైన పనిలో పాల్గొనడం విద్యలో విడదీయరాని భాగమని చెప్పి, దానికి కార్యానుభవం అని పేరు పెట్టింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానినే సమాజోపయోగ ఉత్పాదక కార్యంగా మార్చింది. పేర్లు మారినా చాలా బడులలో జరిగినది మాత్రం సుద్దముక్కలు పోయడం, కొవ్వొత్తులు చేయడం, డస్టర్లు కుట్టడం, వాటికి మార్కులు వేయడం. తరువాత వాటినీ మానివేసి మార్కులు మాత్రం వేసిన బడులు కూడా లేకపోలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు 10 దినాలు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక నిపుణుల వద్ద పని నేర్వవలెనని సూచించింది. 12వ తరగతి వరకు సెలవులలో కూడ ఇట్టి అవకాశాలు ఉండవచ్చునని, వృత్తివిద్యను ఆన్‌లైన్ ద్వారా సైతం అందించవలెనని అందులోనే ఉన్నది.

వడ్రంగి దుకాణం వీధిలోకి తెరచి ఉంటుంది. పిల్లవాడు గుమ్మం వద్ద నిలబడితే చాలు, సగం పని కండ్లకే తెలుస్తుంది. ఖాజాగూడ చుట్టుపట్ల మేడల సంగతి వేరు. మెడలో కార్డు లేనిదే తలుపు తెరుచుకోదు. లోపలి కంప్యూటర్లలో ఇతర దేశాల బ్యాంకుల, ఆసుపత్రుల రహస్య సమాచారం ఉంటుంది. పదునాలుగేండ్ల పిల్లలను ముప్పదిమందిని ఒకేసారి లోనికి రానిచ్చే సంస్థలు అరుదు. ఒకవేళ రానిచ్చినా వారికి కనబడేది వరుసగా కూర్చుని తెరల వైపు చూస్తున్న మనుష్యులే. ఆ పని చూపుకు అందేది కాదు. కావుననే, చేతిపనులకు అనవసరమైన ఈ వర్చువల్ పద్ధతి ఇట్టి పనులకు సహజంగా అమరుతుంది. ఆ పని జరిగేదే తెర మీద గదా!

ఈ పద్ధతి విస్తరించినది 2020లో కోవిడ్ వ్యాధి కారణంగా బడులు మూతబడిన కాలంలో. ఇంగ్లండులో 15, 16 ఏండ్ల విద్యార్థులను ఒకటి రెండు వారాలు ఏదో ఒక కార్యాలయానికో దుకాణానికో పంపే ఆచారం చాలాకాలంగా ఉన్నది. 2014లో గాట్స్‌బీ అనే ధర్మసంస్థ ప్రకటించిన ఎనిమిది ప్రమాణాలలో, 16 ఏండ్లు నిండేలోగా ప్రతి విద్యార్థికి కనీసం ఒక పనిచోటు అనుభవం ఉండవలెనన్నది ఒకటి. 2020లో ఆ అవకాశం పోగా, స్పీకర్స్ ఫర్ స్కూల్స్ వంటి సంస్థలు దానిని ఇంటర్నెట్ మీదికి మార్చినవి. వ్యాధి తగ్గిన తరువాత కూడా అది ఆగలేదు. లండన్ వంటి నగరానికి దూరాన ఉన్న పల్లె విద్యార్థికి అక్కడి కార్యాలయం అందుబాటులోకి రావడం అందుకు ఒక కారణం. మనకు ఇక్కడ దూరం మైళ్లలో లేదు, గేటులో ఉన్నది. ఉపాయం మాత్రం అదే.

ఆ 2020లోనే మన తెలంగాణలో సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ఛానెళ్లలో పాఠాలు ప్రసారమైనవి. ఆనాటి అనుభవం నుండి మనం నేర్చుకోవలసినది గలదు. టెలివిజన్ చెప్పగలదు గాని వినలేదు. పిల్లవాడు పాఠం చూచినాడా, నిద్రపోయినాడా అన్నది దానికి తెలియదు. తరువాత వర్క్‌షీటు ఇచ్చి, దానిని తిరిగి చూచి, ఫోన్ చేసి "ఈ లెక్క ఎందుకు వదిలినావు?" అని అడిగిన ఉపాధ్యాయుడు ఉన్నచోటనే అది పాఠం అయినది. వర్చువల్ కార్యానుభవం పేరిట నేడు దొరికే కొన్ని కార్యక్రమాలు ఆ టెలివిజన్ వంటివే. ఒక సంస్థ తన కార్యాలయాన్ని అందంగా చిత్రించిన వీడియో చూపిస్తుంది, నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, చివరకు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. అది ప్రకటనే గాని అనుభవం కాదు. మా దృష్టిలో కార్యానుభవం కావడానికి ఒక్కటి తప్పనిసరి: విద్యార్థి చేసిన పనిని, ఆ పని చేత జీవనం సాగించే మనిషి ఒకరు చదివి, తప్పులు చూపి, తిరిగి పంపవలెను, విద్యార్థి దానిని మళ్లీ చేయవలెను. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్కదాని కొరకే.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. సాఫ్ట్‌వేర్ సంస్థలలో టెస్టింగ్ అనే విభాగం ఉంటుంది. ఇతరులు తయారుచేసిన ప్రోగ్రాములో లోపాలు కనిపెట్టడం వారి పని. దానికి ప్రోగ్రాము వ్రాయడం రానక్కరలేదు. ఓపిక, అనుమానం, స్పష్టంగా వ్రాసే శక్తి కావాలి. ఉద్యోగి ఒకరు గ్రంథాలయ సభ్యత్వానికి ఒక నమూనా దరఖాస్తు తయారుచేసి, అందులో బుద్ధిపూర్వకంగా కొన్ని లోపాలు పెట్టి పిల్లలకు ఇస్తారనుకుందాం. వయస్సు 200 అని వ్రాసినా అది ఒప్పుకుంటుంది. ఫిబ్రవరి 31వ తేదీని కాదనదు. ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నా ముందుకు పోనిస్తుంది. పిల్లలు వీటిని ఉత్సాహంగానే పట్టుకుంటారు. చిక్కు వ్రాయడంలో వస్తుంది. "ఫారం సరిగా పనిచేయడం లేదు" అని మొదటి నివేదిక. దానిని ఉద్యోగి తిప్పి పంపుతారు: ఏమి చేసినప్పుడు? ఏమి జరగవలెనని అనుకున్నావు? ఏమి జరిగింది? ఈ మూడింటికీ జవాబు లేని నివేదిక వృత్తిలో నివేదికే కాదు. రెండవసారి వ్రాసేటప్పుడు ఆ పిల్లవాడు తాను నొక్కిన ప్రతి మీటనూ గుర్తు తెచ్చుకొని వరుసగా వ్రాయవలసి వస్తుంది. మూడవసారికి అది మరొకరు చదివి, అదే లోపాన్ని తమ కంప్యూటరులో చూడగల స్థితికి వస్తుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రికార్డు ఎందుకు వ్రాయిస్తారో అప్పుడు బోధపడుతుందని మా నమ్మకం.

ఉర్దూ, తెలుగు రెండూ చదువుకునే మన వంటి కళాశాలకు ఇంకా దగ్గరైన పని మరొకటి ఉన్నది. ఒక భాషలో తయారైన యాప్‌ను మరొక భాషవారికి అనువుగా మార్చడాన్ని లోకలైజేషన్ అంటారు. పైకి ఇది అనువాదం వలె కనబడుతుంది. 'ఓపెన్' అన్న మాటనే తీసుకోండి. అది ఆజ్ఞ అయితే 'తెరువు'. దుకాణం స్థితిని తెలిపేదైతే 'తెరిచి ఉన్నది'. తెర మీద ఎక్కడ వస్తుందో చూడకుండా అనువదించినవాడు తప్పక పొరబడతాడు. 'సబ్మిట్' అన్న మాట కొరకు కట్టిన చిన్న పెట్టెలో 'సమర్పించండి' ఇమడదు. తెలుగు వత్తులు పంక్తి క్రిందికి, గుడులు పైకి సాగుతాయి గనుక పంక్తుల ఎడం తక్కువైతే అవి తెగిపోతాయి. ఉర్దూ సంగతి మరింత చిత్రమైనది. లిపి కుడి నుండి ఎడమకు నడుస్తుంది గనుక తెర మొత్తం అద్దంలో చూచినట్లు తిరగబడవలెను. 'తరువాతి పేజీ' అని కుడికి చూపే బాణం ఎడమకు చూపవలెను. కాని ఫోన్ నంబరు మాత్రం ఎడమ నుండి కుడికే ఉండవలెను. నస్తాలీఖ్ వ్రాతలో అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి గనుక పంక్తికి ఎత్తు ఎక్కువ కావాలి. ఇవన్నీ ఒక ఉర్దూ మాధ్యమ విద్యార్థిని చూచిన వెంటనే పట్టుకోగలదు. ఇంజనీరింగ్ పట్టా గలవాడు ఉర్దూ రానివాడైతే ఎంతసేపు చూచినా పట్టుకోలేడు. తన ఇంటి భాష వృత్తిలో ఒక అర్హత కాగలదని ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. మన అల్పసంఖ్యాక విద్యాసంస్థలు చేయగల పనులలో దీని విలువ తక్కువది కాదు.

ఇక నిర్వహణ. వర్చువల్ అనగానే పిల్లలు ఎవరింట వారు కూర్చుని ఫోనులో చూస్తారని చాలామంది ఊహిస్తారు. ఈ ఊహతో మేము ఏకీభవించము. ఇంటిలో ఉన్నది ఒక్క ఫోన్. అది ఉదయమే తండ్రితో క్యాబులోనో ఆటోలోనో బయలుదేరి పోతుంది. ఫోన్ ఉన్న ఇంట తమ్ముళ్లు, చెల్లెళ్లు, కుక్కర్ కూత. ఆ చిన్న తెర మీద లోప నివేదిక వ్రాయడం పెద్దలకే కష్టం. ఉద్యోగి దూరాన ఉంటే చాలును. పిల్లలు దూరదూరంగా ఉండనక్కరలేదు. వారు ఒకే గదిలో, ఇద్దరికొక కంప్యూటరు చొప్పున కూర్చోవలెను. ఒకరు మీట నొక్కితే మరొకరు వ్రాసుకుంటారు. అర్థం కానిది ప్రక్కవారిని అడుగుతారు. కార్యాలయంలో జరిగేదీ అదే. అట్టి గది చాలా ఉన్నత పాఠశాలలలో లేదు, మన కళాశాలలో ఉన్నది. సెలవులలో అది తాళం వేసి ఉంటుంది.

కాలం ఐదు ఉదయాలు చాలు. పదవ తరగతివారిని పిలువరాదు. మార్చి పరీక్షల భయం వారిని దేని మీదా నిలువనీయదు. తొమ్మిదవ తరగతివారికి దసరా సెలవులు అనుకూలం. ప్రతిదినం పది గంటలకు ఉద్యోగితో ఇరవై నిమిషాల వీడియో సంభాషణ, అటు పిమ్మట రెండు గంటల పని, చివరకు మరల సంభాషణ. అమెరికాతో సంబంధం గల బృందాలకు సమావేశాల ఒత్తిడి సాయంత్రమే ఎక్కువ గనుక ఉదయం వారికి వీలవుతుంది. రంజాన్ మాసంలో పెట్టుకోవలసి వస్తే ఇంకొక గంట ముందుకు జరుపుకోవడం మంచిది. ఒక ఉద్యోగికి ఎనిమిదిమంది కంటె ఎక్కువ పిల్లలను అప్పగించరాదు. వంద మందిని ఒకేసారి తెర ముందు కూర్చుండబెడితే అది ఉపన్యాసం అవుతుంది. ఎవరి కాగితమూ ఎవరూ చదవరు. మొదటిసారి పదహారు మంది పిల్లలు, ఇద్దరు ఉద్యోగులు చాలునని మా అభిప్రాయం.

ఉద్యోగులు ఎక్కడ దొరుకుతారు? సంస్థల పేరున ఉత్తరాలు వ్రాయడం కంటె మన పూర్వ విద్యార్థులలో అక్కడ పనిచేసేవారిని అడగడం శ్రేయస్కరం. 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద సంస్థలు తమ లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయవలెనని విధించింది. కాని ఈ పనికి కావలసినది ధనం కాదు, ఒక మనిషి ఐదు ఉదయాలు. ఆ మనిషి తెలుగులోనో, ఉర్దూలోనో మాట్లాడడానికి సిద్ధపడవలెను. వృత్తిలోని ఇంగ్లీషు మాటలను మానుకోనక్కరలేదు. వాటిని మన విద్యార్థులు నల్లబల్ల మీద వ్రాసి పెడతారు. తెలుగు మాధ్యమంలో చదివి ఆ మేడలలో కూర్చున్నవారు అనేకులు ఉన్నారు. వారికి ఈ ఇబ్బంది ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. తమ సంస్థ కక్షిదారుల సమాచారం ఒక్క అక్షరం కూడా పిల్లలకు చూపరాదన్నది వారికి మనం పెట్టవలసిన నియమం. నమూనా పనులే ఇవ్వవలెను.

పిల్లలు చేసిన పనిని సంస్థ తన వ్యాపారానికి వాడుకొనరాదన్నది మరొక నియమం. జాకిర్ హుస్సేన్ సంఘం చేసిన హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది. పిల్లలు అనువదించిన వంద మాటలను నిజమైన యాప్‌లో పెట్టుకుంటే అది అనుభవం పేరిట ఉచితంగా చేయించుకున్న చాకిరీ. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏండ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. మన తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ వయస్సు అంచున ఉన్నవారే.

తల్లిదండ్రుల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది, ముఖ్యంగా బాలికల విషయంలో. కూతురు పరిచయం లేని పురుషునితో వీడియోలో మాట్లాడుతుందంటే అభ్యంతరం చెప్పే తండ్రిని వెనుకబడినవాడని పరిహసించడం మా దృష్టిలో తగని పని. అతని భయానికి సమాధానం ఏర్పాటులోనే ఉండవలెను. సంభాషణ సమయంలో గదిలో అధ్యాపకురాలు ఒకరు తప్పక ఉంటారు. మాటలు గది అందరికీ వినబడేటట్లు జరుగుతాయి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. పిల్లల కాగితాలు అధ్యాపకుల ద్వారానే పోయి వస్తాయి. తల్లి గాని, తండ్రి గాని ఏ దినమైనా వచ్చి వెనుక బెంచీలో కూర్చోవచ్చును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏండ్లలోపు వారి వివరాలను తీసుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ఆ అంగీకారపత్రం వారు చదవగల భాషలో, అనగా తెలుగులోను, ఉర్దూలోను ఉండవలెను. చదువురానివారికి మన విద్యార్థులు ఇంటికి పోయి చదివి వినిపించవలెను. కార్యాలయానికి కూతురిని పంపడానికి ఒప్పుకోని ఇంటివారు కళాశాల గదికి పంపడానికి ఒప్పుకోవచ్చును. ఆ బాలికకు ఈ తెర తప్ప వేరు త్రోవ లేకపోవచ్చును గూడ.

ఈ పద్ధతికి అందనిది చాలా ఉన్నది. సమయానికి బస్సు ఎక్కి పోవడం, పై అధికారి ముఖం చూచి మాట్లాడడం, భోజన విరామంలో తోటివారి కబుర్లు, ఇవేవీ తెర మీద రావు. ఆసుపత్రి, దర్జీ దుకాణం, మోటారు కార్ఖానా - వీటిని తెర మీద చూపడం వృథా; నడచి పోగల దూరంలో ఉన్నవాటికి నడచియే పోవలెను. ఐదవ దినం పిల్లలు తమ మూడు ప్రతులనూ తల్లిదండ్రుల ఎదుట చదివిన పిదప, వీలైతే ఒక గంట ఆ ఉద్యోగి కార్యాలయానికి వారిని తీసుకొనిపోవడానికి అనుమతి అడగాలి. పని ఏమిటో తెలిసిన తరువాత చూచే చూపు వేరు. అనుమతి రాకపోతే ఆ ఉద్యోగినే మన గదికి పిలువవచ్చును.

సర్టిఫికెట్ ఇవ్వదలిస్తే అందులో 'పాల్గొన్నారు' అని వ్రాయక, ఏమి చేసినారో వ్రాయవలెను: ఎన్ని లోపాలు నివేదించినారు, ఏ తెరను ఏ భాషలోకి మార్చినారు అని. మొదటి ప్రతి, చివరి ప్రతి రెండూ దానికి జతపరచి ఒక నకలు వారి పాఠశాలకు పంపితే, పదవ తరగతి ముగిసిన నాడు వారి ఉపాధ్యాయునికి సలహా చెప్పడానికి ఆధారం ఉంటుంది.

కమిటీ వారిని మేము కోరేది దసరా సెలవులలో ఐదు ఉదయాలు కంప్యూటర్ గది తాళం, ఒక అటెండరు, విద్యుత్తు పోతే ఆగకుండా ఇన్వర్టరు. గదిలోని యంత్రాలలో తెలుగు కీబోర్డు, ఉర్దూ కీబోర్డు, నస్తాలీఖ్ ఫాంటు ముందుగా పెట్టించవలసి ఉంటుంది. అందుకు చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరికి ఒక మధ్యాహ్నం పడుతుంది.